పెద్దమ్మ అడిగిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దలూ పిల్లలూ అందరం కలిసి ఒకే మనిషితో ఆరు నెలలపాటు అబద్ధమాడాం. ఆ మనిషి మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే, పిల్లలు కూడా లేకపోవడంతో, మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆవిడా వెంట వచ్చేసింది. చోడవరం నుంచి చీడికాడ వెళ్ళే దారిలో మా ఊరు. చెరకు, కాస్త వరి. ఇంట్లో అందరికన్నా ముందు లేచేదీ, అందరూ తిన్నాక తినేదీ పెద్దమ్మే. నేను పుట్టింది మొదలు ఆవిడ పక్కలోనే పడుకున్నాను.

మా వైపు ఆడవాళ్ళకి ఆ రోజుల్లో అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. పెద్దమ్మ చుట్ట నోట్లో పెట్టుకునే బియ్యం చెరిగేది, పేడ ఎత్తేది, నాతో కబుర్లు చెప్పేది. నిప్పు నోట్లో పెట్టుకుని మాట్లాడగలిగే మనిషి మా ఇంట్లో ఉందని నేను బళ్ళో గొప్పగా చెప్పుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు ఆవిడ అంగిట్లో పుండు లేచింది. కారం తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కొన్ని నెలలు ఎవరికీ చెప్పకుండా మజ్జిగన్నంతో సరిపెట్టుకుంది. దవడ వాచి, వాపు బయటికి కనిపించాక మా నాన్న ఆవిడని బస్సెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నాలుగోరోజు తిరిగి వచ్చారు. పెద్దమ్మ కాళ్ళు కడుక్కుంటూ ఉండగా నాన్న అమ్మని వంటింట్లోకి పిలిచి ఏదో చెప్పాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడింది. కాసేపటికి లేచి మొహం కడుక్కుని బయటికొచ్చి, "వేడి చేసిందంట అక్కా. మందులకి తగ్గిపోద్దంట" అని చెప్పింది.

ఆ రోజు నుంచి అదే మా ఇంటి మాట. ఎవరు అడిగినా వేడి చేసింది, తగ్గిపోతుంది. నన్నూ మా తమ్ముడినీ కూర్చోబెట్టి అమ్మ ఆ మాట చెప్పించుకుని విని, తప్పులు దిద్దింది కూడా. అమ్మ చెడ్డది కాదు. తల్లి లేని అమ్మని పెంచింది ఆ అక్కే. నీకిక బతుకు లేదని ఆ అక్క మొహం మీద చెప్పే ధైర్యం అమ్మకి లేదు.

చలికాలం వచ్చేసరికి పెద్దమ్మ బుగ్గకి చిల్లు పడింది. తాగిన గంజి అందులోంచి కారేది. వాసన మొదలైంది. విత్తనాలూ ఎరువు బస్తాలూ పెట్టుకునే వెనక గది ఖాళీ చేసి ఆవిడ మంచం అక్కడికి మార్చారు. కంచం, గ్లాసు వేరు చేశారు. అంటుకుంటుందేమోనని అమ్మ భయం. చూడ్డానికి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే నిలబడి, ముక్కు మీద చెయ్యి వేసుకుని, "తగ్గిపోద్దిలే, ధైర్యంగా ఉండు" అని గబగబా వెళ్ళిపోయేవారు. నన్ను లోపలికి వెళ్ళొద్దన్నారు. నిజం చెప్పాలంటే నాకు బాధ కలగలేదు. వెళ్ళక్కర్లేదన్నందుకు లోపల్లోపల సంతోషించాను.

మా పక్కవాటాలో ఆ ఏడే ఒక జంట అద్దెకి దిగారు. అనకాపల్లి నుంచి వచ్చిన ముస్లింలు. ఆయన చోడవరం కరెంటాఫీసులో పనిచేసేవాడు. ఆమె ఇంటి దగ్గర కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పాతికేళ్ళుంటాయేమో. నేను పక్కింటి అక్క అని పిలిచేదాన్ని. ఒకరోజు అమ్మ జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, పెరట్లో ఆగిపోయి, గాలి పీల్చి, "లోపల ఎవరున్నారు?" అని అడిగింది. అమ్మ వేడి చేసిన కథ మొదలుపెట్టేలోగా అక్క వెనక గదిలోకి నడిచి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న కూడా ఇలాంటి పుండుతోనే పోయాడని తర్వాత తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం నుంచి రోజూ వచ్చేది. ఉప్పు వేసి మరిగించి చల్లార్చిన నీళ్ళు ఒక గిన్నెలో, ఉడకబెట్టి ఎండలో ఆరేసిన పాత నేతచీర ముక్కలు ఒక మూటలో తెచ్చేది. అరగంట పట్టేది. తొందరపడేది కాదు. గుడ్డ అంటుకుపోతే లాగేది కాదు, నీళ్ళతో తడిపి నానేదాకా కూర్చునేది. నాలుగైదు రోజుల్లో వాసన సగానికి సగం తగ్గింది. పెద్దమ్మ మళ్ళీ తల దువ్వించుకోవడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర ముక్కు మూసుకుని నిలబడ్డ నన్ను అక్క ఒకరోజు పెరట్లోకి తీసుకెళ్ళింది. నిమ్మచెట్టు ఆకు ఒకటి తెంపి, నలిపి, నా పైపెదవి మీద రాసింది. "ముక్కు మూసుకుంటే ఆవిడికి కనిపిస్తాది కదే గుంటా. ఇలాగ రాసుకుంటే నీకు వాసన రాదు, ఆవిడికి తెల్దు" అంది. ఆ కిటుకుతో నేను ఆ గదిలోకి వెళ్ళాను. పెద్దమ్మ నన్ను చూసి మంచం అంచున చోటిచ్చింది. అప్పటికి రెండు నెలలైంది నేను ఆవిడని ముట్టుకుని.

వారం తిరక్కుండానే ఆ రోజు వచ్చింది. అక్క కట్టు కడుతోంది. నేను గిన్నె పట్టుకున్నాను. పెద్దమ్మ నా వైపు తిరిగింది. బుగ్గలోంచి గాలి పోతుంటే మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది.

"ఇది తగ్గుతాదేటే గుంటా?"

నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పాను. "తగ్గిపోద్ది పెద్దమ్మా. వేడి చేసిందంట. డాక్టరుగారు సెప్పేరంట."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. "నీకూ నేర్పేసినారా" అంది. అందులో కోపం లేదు. మొహం అవతలికి తిప్పేసుకుంది. కాసేపటికి అక్కతో, "నువ్వు సెప్పు తల్లీ. నువ్వైనా సెప్పు" అంది.

కట్టు ముడి వేసింది. బయటికెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుని పెద్దమ్మ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తగ్గదు పెద్దమ్మా" అంది.

పెద్దమ్మ ఏడవలేదు. పెద్ద బరువు దించుకున్నట్టు గట్టిగా ఊపిరి వదిలింది. "నాకు తెల్దేటి? తెలుసు. ఎవులూ అనరు. నేను అంటే అననివ్వరు" అంది. ఇంకా ఎన్నాళ్ళని అడిగింది. "అది నాకు తెల్దు. ఉన్నన్నాళ్ళూ రోజూ వస్తాను. పుండు శుభ్రంగా ఉంచుతాను. నొప్పొస్తే దాసకు, సెప్పు" అంది అక్క.

అప్పుడు పెద్దమ్మ మాట్లాడ్డం మొదలుపెట్టింది. అన్ని మాటలు ఆవిడ నోట ఎన్నో నెలల తర్వాత విన్నాను. తన పెళ్ళి చీర ఏ పెట్టెలో ఉందో, పోయాక దాన్ని ఎవరికివ్వాలో చెప్పింది. తన భర్త పోయినప్పుడు తను ఎలా ఏడవలేకపోయిందో చెప్పింది. చివర్లో, "మా సెల్లితో ఒక మాట ఉండిపోయింది. తగ్గిపోద్ది, తగ్గిపోద్ది అంటా ఉంటే ఎలాగ మొదలెడతాను? రేపు నువ్వొచ్చినప్పుడు దాన్ని పిలుద్దారి. నువ్వు కూడా ఉండు తల్లీ" అంది. అక్క సరేనంది.

ఆ సాయంత్రం నేను చేసిన పని ఎందుకు చేశానో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నీకూ నేర్పేసినారా అన్న మాట నాకు గుచ్చుకుంది. నన్ను చూసి మొహం తిప్పేసుకున్న పెద్దమ్మ, అక్క చెయ్యి మాత్రం వదల్లేదు. నా పెద్దమ్మని ఎవరో తీసేసుకున్నట్టనిపించింది. వంటింట్లోకి వెళ్ళి అమ్మతో చెప్పేశాను. "పక్కింటక్క పెద్దమ్మకి నువ్వు బతకవని సెప్పేసింది" అన్నాను. అక్క ఆ మాట అలా అనలేదని నాకు తెలుసు. పెద్దమ్మ అడిగిందని చెప్పలేదు. రేపు అమ్మని పిలవాలనుకుందని కూడా చెప్పలేదు.

అమ్మ పెట్టిన కేకకి నాన్న పెరట్లోకి వచ్చాడు. సంగతి విని రెండు వాటాల మధ్య గోడ దగ్గరికి వెళ్ళి అక్కని పిలిచాడు. "ఇదిగో అమ్మాయీ, రేపట్నుంచి మా గుమ్మం తొక్కకు. మా మనిషికి ఏటి సెప్పాలో మాకు తెలుసు" అన్నాడు. అంతవరకూ మా ఇంట్లో ఎవరికీ గుర్తురాని ఆమె మతం ఆ పూట మా నాన్నకి గుర్తొచ్చింది. ఆ మాటలు ఇక్కడ రాయను. అక్క తలవంచుకుని అన్నీ విన్నది. లోపలికెళ్ళి, ఉతికి ఆరేసిన గుడ్డల మూట తెచ్చి గోడ మీద పెట్టింది. "నన్ను రావద్దంటే రాను అన్నయ్యగారూ. పుండు కడగడం మాత్రం మానకండి. ఒక్క రోజు కూడా మానకండి" అంది.

అమ్మ రెండు రోజులు ప్రయత్నించింది. ఏడుస్తూ చేసేది. అంటుకున్న గుడ్డ లాగేసేది, పెద్దమ్మ నొప్పికి మెలికలు తిరిగిపోయేది. మూడోరోజు అమ్మ ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. ఇక ఎవరూ కడగలేదు. వాసన మళ్ళీ వచ్చింది, ముందుకన్నా ఎక్కువగా. ఈగలు ముసిరాయి. ఆ తర్వాత ఆ పుండులో ఏం చేరాయో నేను చూశాను. రాయలేను.

మాట సరిగా రాక, పెద్దమ్మ రెండు వేళ్ళతో జాకెట్టు చూపించి, కుట్టినట్టు సైగ చేసి, ఆ పిల్ల ఏదని అడిగేది. "పుట్టింటికెళ్ళింది అక్కా. రేపో మాపో వచ్చేస్తాది" అనేది అమ్మ. మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగాక గోడ అవతల కుట్టుమిషను చప్పుడు మాకు స్పష్టంగా వినిపించేది. వెనక గదికి ఇంకా దగ్గర ఆ గోడ. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మిషను మొదలవగానే పెద్దమ్మ కళ్ళు అటు తిరిగేవి. రోజూ వస్తానన్న మనిషి అక్కడే ఉండి రావడం లేదని ఆవిడ అనుకుందో, రానివ్వడం లేదని అర్థం చేసుకుందో నాకు తెలియదు. ఒక్క మాట చెబితే తెలిసిపోయేది. నేను చెప్పలేదు. అమ్మ దగ్గరికి వస్తే పెద్దమ్మ కళ్ళు మూసుకునేది. ఆ తర్వాత ఎవరినీ ఏమీ అడగలేదు.

అక్కని రావద్దన్న పదకొండోరోజు మిట్టమధ్యాహ్నం పెద్దమ్మ పోయింది. నాన్న చెరకు నరికించడానికి వెళ్ళాడు. అమ్మ తమ్ముడికి అన్నం పెడుతోంది. గదిలో ఎవరూ లేరు. నేను మంచినీళ్ళు తీసుకుని వెళ్ళేసరికి అయిపోయింది. గోడ అవతల మిషను నడుస్తూనే ఉంది.

దినాలయ్యాక ఒకరోజు ఎవరూ చూడకుండా అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె మిషను దగ్గర కూర్చుని ఉంది. "అమ్మకి నేనే సెప్పేను" అన్నాను. తెలుసన్నట్టు తలూపింది. "నా కోసం అడిగిందా?" అంది.

"అడిగింది. నువ్వు ఊరెళ్ళేవని సెప్పేరు."

అక్క చెయ్యి చక్రం మీద ఆగిపోయింది. "మిషను సప్పుడు వినిపిస్తాది కదే ఆవిడికి" అంది. ఆమె నన్ను తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. ఆ ఎండాకాలంలో ఆయనకి బదిలీ అయి వాళ్ళు ఎటో వెళ్ళిపోయారు. మళ్ళీ నేను ఆమెని చూడలేదు.

పెద్దమ్మకి తనతో చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయిందని అమ్మకి చెప్పడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. అప్పటికి అమ్మ జుట్టు నెరిసిపోయింది. అంతా విని నా వైపు తిరిగింది. "ఏటై ఉంటాదే?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పోయేదాకా ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అంగన్‌వాడీ ఉద్యోగం అయిపోయాక, మంచం పట్టి ఇక లేవని రోగులను ఇంటికెళ్ళి చూసుకునే వాళ్ళతో కలిసి తిరుగుతున్నాను. వారానికి మూడు రోజులు చోడవరంలో ఆటో ఎక్కి కె.కోటపాడు వైపో, రావికమతం వైపో వెళతాం. మాతో వచ్చే నర్సమ్మ దగ్గర నొప్పికి మాత్రలున్నాయి, పుండు వాసనకి పొడి ఉంది. మా పెద్దమ్మ రోజుల్లో ఇవేవీ మా ఊరి దాకా రాలేదు. ఇంటివాళ్ళ మాటలు మాత్రం మారలేదు. గుమ్మంలోనే కొడుకో కోడలో ఎదురొచ్చి, "ఆయనకి తెల్దండి, సెప్పకండి" అని గుసగుసగా అంటారు. నేను వాళ్ళతో వాదించను. అడగని మనిషికి నా అంతట నేను ఏమీ చెప్పను. కానీ చెయ్యి పట్టుకుని సూటిగా అడిగితే మాత్రం అబద్ధమాడను. దాని వల్ల రెండు ఇళ్ళలో నన్ను మళ్ళీ రావద్దన్నారు. నా బదులు ఇంకొకరు వెళ్ళి కట్టు మార్చేలా చూసుకున్నాను.

మొన్న రావికమతం దగ్గర ఒక ఊళ్ళో, ముసలామె పుండు కడిగి బయటికి వస్తుంటే కోడలు నా చేతులు పట్టుకుని, "మీకు పుణ్యముంటాదమ్మా" అంది. ఆ మాట వింటే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. ఒక మనిషికి అందుతున్న కాస్త నెమ్మదిని పదేళ్ళ వయసులో ఒక్క మాటతో ఆపించినదాన్ని నేను. ఎన్ని పుళ్ళు కడిగినా ఆ పదకొండు రోజులు అలాగే ఉన్నాయి. కోడలికి అదంతా చెప్పలేక, రేపు కట్టు ఎలా విప్పాలో, గుడ్డ అంటుకుంటే లాగకుండా ఎలా తడపాలో మరొక్కసారి చూపించి ఆటో ఎక్కాను.