పిడక బూడిదలో నేను చూసింది

పోయిన వారం పాత విద్యార్థులు కొందరు మా ఇంటికి వచ్చి, కాలేజీ గురించి తాము వేయబోయే సంచికలో నా మీద రాసిన పేజీని చదివి వినిపించారు. మైక్రోస్కోపుతో గడ్డి జాతిని గుర్తుపట్టి, ఆ రోజుల్లోనే పల్లెటూళ్లో పశువు తగాదా తీర్చిన మేధావినట నేను. చదివి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద కాదు. క్లాసులో ఏటేటా ఆ కథ చెప్పి నవ్వించిన వాణ్ణి నేనే, ప్రతిసారీ సగంలో ఆపేసిన వాణ్ణీ నేనే. ఆ మిగతా సగం ఇప్పటికైనా చెప్పకపోతే నేను మనిషిని కాను.

గడ్డిజాతి మొక్కలు నీటితో పాటు నేలలోని ఇసుక పదార్థాన్ని కూడా పీల్చుకుని, ఆకులో కంటికి కనబడని గట్టి రేణువులుగా దాచుకుంటాయి. ఆకు కాలి బూడిదైనా, పశువు కడుపులో నలిగి పేడైనా ఆ రేణువుల ఆకారం చెడిపోదు. గరికలో అవి గుర్రపు జీనులా వంపు తిరిగి ఉంటాయి, జొన్నలో బుడబుక్కలవాడి డమరుకంలా నడుమ సన్నగా, రెండు కొసలూ గుండ్రంగా ఉంటాయి. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఈ విద్య పట్టుబడింది. నరసరావుపేటలో డిమాన్‌స్ట్రేటరుగా చేరిన రెండో ఏడు, పల్నాటి గడ్డి రకాలు చూస్తానని చెప్పి, కాలేజీలోని పాత మైక్రోస్కోపును చెక్కపెట్టెతో సహా దసరా సెలవులకు మాచవరం పక్కన ఉన్న మా ఊరికి తెచ్చుకున్నాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నా వాలకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పటికి మా వైపు కాలవ నీళ్లు రాలేదు, జొన్నే తిండి, జొన్నే మేత. వెన్ను తీస్తున్న మా పెదనాన్న చేనును ఒక రాత్రి ఏదో గొడ్డు మేసిపోయింది. అనుమానం మా పొలంలో కలుపు ముఠాకు పెద్దగా ఉండే ఆమె గేదె మీదికి పోయింది. ఆమె భర్తను పోగొట్టుకుని, ఊరి చివర చర్చి పక్కన ఇద్దరు పిల్లలతో ఉండేది. ఊళ్లో చాకలినీ కుమ్మరినీ కూడా బాబాయనీ అత్తనీ వరసపెట్టి పిలిచే మేము, ఆమెను మాత్రం చిన్నా పెద్దా అందరమూ ‘ఏమే’ అనే పిలిచేవాళ్లం. ఆ గేదె పాలే ఆ ఇంటికి ఆధారం. ఎండు చొప్ప పెట్టే తాహతు లేక, గట్ల మీది గరిక మేపి దాన్ని బతికించుకుంటోంది.

మూడో రోజున పెద్దమనుషులు మా పెదనాన్న అరుగు మీద కూర్చుని తేల్చలేకపోతుంటే, నేనే ముందుకు వచ్చి పేడ పరీక్ష చేసి చెబుతానన్నాను; గరిక తప్ప ఎరగని గేదె పేడలో జొన్న రేణువులు ఉంటే చేను మేసినట్టే. అడిగినవాడు లేడు.

“పేడ చూసి చెప్తావంట్రా? ఇందుకేనంట్రా నిన్ను అంత దూరం పంపి చదివిచ్చింది?” అన్నాడు పెదనాన్న. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు కసి పుట్టించింది.

ఆమె ఇంటికి వెళ్లాను. గేదె కాళ్ల దగ్గర అప్పుడే వేసిన పేడ ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న నాకు అందులో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. గోడ మీద ఎండిన పిడకలు వరసగా ఉన్నాయి, ఆమె వేళ్ల అచ్చులతో. పొడిగా ఉంది, తొందరగా కాలుతుంది, వాసన రాదు అనుకుని ఒకటి పెరుక్కుని వచ్చేశాను. నా చదువంతా ఆ ఒక్క ఏవగింపుకు లొంగిపోయింది.

కాల్చి, బూడిదను మైక్రోస్కోపుతో పాటు తెచ్చుకున్న యాసిడ్‌తో కడిగి, అందరి ముందూ అరుగు మీదే అద్దం కింద పెట్టాను. జీనుల మధ్య లెక్కలేనన్ని డమరుకాలు. జొన్నే మేసిందని గొంతు పెంచి చెప్పాను. ఒక్కొక్కళ్లే వచ్చి ఒంటికన్నుతో చూసి, ఏమీ అర్థంకాక, తల ఊపి వెళ్లారు.

ఆమె మాత్రం చూడలేదు. “ఏ పేడ చూశావయ్యా?” అంది. పిడక అన్నాను.

“పిడకా? పొట్టు కలపకుండా పిడక యాడన్నా నిలబడిద్దా? మీ పెదనాయన కళ్లం ఊడ్చినప్పుడు ఎత్తుకొచ్చిన జొన్న తుక్కేనయ్యా అందులో కలిపింది. మీ అమ్మనడుగు, కలుపుద్దో లేదో.”

అడగనక్కరలేదు. మా అమ్మ రోజూ పొద్దున దొడ్లో కూర్చుని పేడలో తుక్కు కలిపి పిసకడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆమె మాట పూర్తయ్యేలోపే నా తప్పు నాకు తెలిసిపోయింది.

“ఏమే, అద్దంలో తేలిన మాటకే ఎదురు చెప్తున్నావే? ఎమ్మెస్సీ చదివినోడి కంటే నీకు చానా తెలుసా?” అని పెదనాన్న గద్దించాడు.

“అబ్బాయిగారినే చెప్పమనండి,” అంది ఆమె.

అందరూ నా వైపు చూశారు. పొరపాటైంది, మళ్లీ చూస్తాను అంటే చాలు. కావలసిన పేడ అక్కడికి నూరు గజాల దూరంలో ఉంది. నేను మళ్లీ వంగి అద్దంలో కన్ను పెట్టాను, అక్కడ చూడవలసింది ఏమీ లేకపోయినా. తల ఎత్తేసరికి తీర్పు అయిపోయింది. నష్టం కింద గేదెను తోలుకొచ్చి మా పెదనాన్న కొట్టంలో కట్టేశారు.

అది మావాళ్లెవరికీ పాలు చేపలేదు, పొదుగు ముట్టుకుంటే తన్నింది. చివరికి ఆమెనే పిలిపించారు. తన గేదెకు తానే, రెండు పూటలా మా కొట్టానికి వచ్చి పాలు పితికి, చెంబు మా పెద్దమ్మ చేతికి ఇచ్చి వెళ్లేది. సెలవులయ్యేదాకా ఆ పెరుగు నేను గడ్డగడ్డలుగా వేసుకుని తిన్నాను. నా మీద నాకు కోపం వచ్చినప్పుడల్లా మొదట ఆ పెరుగే గుర్తొస్తుంది.

కాలేజీకి తిరిగి వెళ్తూ మా అమ్మ చేసిన పిడక ముక్క ఒకటి పొట్లం కట్టుకుపోయాను. అందులోనూ అవే డమరుకాలు. స్లైడు కడిగేసి తుడిచి పెట్టేశాను. చేను మేసింది ఎవరి గొడ్డో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవడానికి కావలసింది నా చేతిలో ఉన్న రోజున, చేతికి పేడ అంటుతుందని వదిలేశాను.

పెదనాన్న పోయాక, ధైర్యమో సిగ్గులేనితనమో గాని ఒకసారి ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె అప్పటికే లేదు. క్రోసూరులో పంతులుగా పనిచేస్తున్న కొడుకు కుర్చీ వేసి, సోడా తెప్పించి, “మీరు చానా చదువుకున్నారని అమ్మ చెప్పేది సార్,” అన్నాడు. ఆ మాటను ఆమె ఏ గొంతుతో చెప్పి ఉంటుందో నాకు తెలుసు, అతనికి తెలియదు. సోడా తాగి వచ్చేశాను.

ఇప్పుడు మా ఊళ్లో కాలవ పారుతోంది, జొన్న వేసేవాళ్లు లేరు, గోడలకు రంగులు వచ్చాయి, ఇంటింటా గ్యాసు పొయ్యి ఉంది. మొన్న ఊరికి వెళ్లి, అరుగు మీద కూర్చున్న కుర్రవాళ్లకు ఈ సంగతి మొత్తం చెప్పాను, మొదటిసారి, ఏదీ దాచకుండా. శ్రద్ధగానే విన్నారు. అంతా అయ్యాక ఒకడు, పిడకలో జొన్న తుక్కు ఎందుకు కలుపుతారు తాతా అని అడిగాడు. ఆ రోజు అరుగు మీద ఉన్న ప్రతివాడికీ తెలిసిన సంగతి అది. తెలిసిన వాళ్లంతా ఉన్నప్పుడు నోరు మూసుకుని, తెలియని వాళ్ల ముందు ఒప్పుకోవడానికి వచ్చాను.