మా అమ్మ తట్ట ఎత్తాలంటే

మా అమ్మ లక్ష్మణమ్మ నలభై ఏళ్లుగా చేపలమ్ముతోంది. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరగానే చేపలు కొని, ఆటోలో కోటబొమ్మాళి వెళ్లి వీధులన్నీ తిరుగుతుంది. నిండు తట్టను ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు, పక్కన మరొకరు చెయ్యి వెయ్యాలి. అక్కడే ఉంది అమ్మ పిచ్చి. చెయ్యి వేసే మనిషి నవ్వుతూ ఉండాలి. ఏడుపుమొగం వాళ్లు ఎత్తిన చేపలు అమ్ముడుపోవని ఆమె నమ్మకం. అందుకే పక్కింటి అసిరయ్యను రోజూ ఏదో ఒకటి అని నవ్వించి, అతని పళ్లు కనబడ్డాకే ఎత్తించుకుంటుంది.

ఈ వేసవిలో మా అమ్మాయి సంహితను అమ్మ దగ్గరికి పంపాం. పద్నాలుగేళ్లది, విశాఖలోనే పుట్టి పెరిగింది. అప్పటికి నాకు రెండోవాడు పుట్టి రెండు నెలలు. నేను చదివింది మైక్రోబయాలజీ. చంటివాడి చుట్టూ నాకు సూక్ష్మజీవులే కనిపించేవి. సంహిత తమ్ముణ్ణి ఎత్తుకోబోయిన ప్రతిసారీ చేతులు కడుక్కున్నావా అనేదాన్ని. కొన్నాళ్లకు అది వాణ్ణి ముట్టుకోవడమే మానేసింది.

ఊళ్లో దిగిన మర్నాడు తట్ట ఎత్తబోతే అమ్మ దాని చెయ్యి తోసేసిందట.

"ఏటే గుంటా, ఆ మొగం? ముందు నవ్వు, ఆనక ఎత్తుదువు గాని."

పది రోజులైనా ఆ నవ్వు రాలేదు. ఇక్కడ కూడా తన చేతులు పనికిరావని ఫోన్లో అంది. నేను, నీళ్లు కాచుకుని తాగుతున్నావా అని అడిగాను.

అమ్మమ్మను మెప్పించాలని ఒక సాయంత్రం అది తట్టను గిన్నెలు తోమే నిమ్మకాయ సబ్బుతో మూడుసార్లు రుద్ది కడిగింది. ఆ శుభ్రం నేర్పింది నేనే.

మర్నాడు అసిరయ్య సాలూరులో పెళ్లికి వెళ్లాడు. చేపలమ్మే మిగతా ఆడవాళ్లు ముందే వెళ్లిపోయారు. తట్టనిండా కవళ్ల చేపలు. ఎండ ముదిరితే పాడైపోతాయి. ఇసక దాటి రోడ్డుదాకా మోసుకెళ్లాలి. అక్కడ రోజూ అమ్మను తీసుకెళ్లే త్రినాథ్ ఆటో హారన్ కొడుతోంది. ఉన్నవి సంహిత చేతులే. అయినా అమ్మ ఒప్పుకోదే! దాన్ని నవ్వించాలని అసిరయ్యలా కాళ్లీడుస్తూ నడిచి చూపించింది, కోతిలా గెంతి చూపించింది.

"నవ్వు రమ్మంటే వస్తుందా అమ్మమ్మా?" అంది సంహిత, ఏడుపు ఆపుకుంటూ.

అప్పుడు పిల్లి వచ్చింది. రోజూ అమ్మ వెనకే రోడ్డుదాకా నడిచే ఒంటికన్ను పిల్లి. తట్ట అంచు వాసన చూసి, రెండుసార్లు తుమ్మి, పరువు పోయినట్టు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అమ్మ కూడా వంగి వాసన చూసింది.

"దీనికేటి రాసినావే? సేపలు పులిహోర వాసనొస్తన్నాయి."

సంహిత ఇసకలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"అదీ. లే, అది ఆగీలోగా ఎత్తు."

ఎత్తింది. పదకొండింటికల్లా తట్ట ఖాళీ. మనవరాలు నిమ్మకాయ పిండిన చేపలని అమ్మ ప్రతి గుమ్మంలోనూ చెప్పుకుందట. పెళ్లి నుంచి తిరిగొచ్చిన అసిరయ్య, తన ఉద్యోగం ఊడిందని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

జూన్‌లో సంహిత నల్లబడి, బలిసి తిరిగొచ్చింది. సంచి దించి చేతులు కడుక్కుని, తమ్ముడికి దూరంగా నిలబడింది. ఎంత కడిగినా చేపల వాసన పోవడం లేదని నసిగింది. చంటివాణ్ణి దాని చేతుల్లో పెట్టబోయి ఆగాను.

"ముందు నవ్వు," అన్నాను.