బావగారితో నేరుగా మాట్లాడని ఆశా కార్యకర్త

2014లో శ్రీకూర్మం దగ్గరి ఒక మత్స్యకారుల ఊళ్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేవాణ్ణి. అంతకుముందు చాలాకాలం దినపత్రిక విలేకరిని. జనం చేత మాట్లాడించడం తెలిసినవాడినని ఈ పనికి పిలిచారు. మేం ముఖ్యంగా నేర్పేది ఓపెన్ క్వశ్చన్, అంటే అవును కాదుతో తేలిపోని ప్రశ్న. ‘మందులు వేసుకుంటున్నావా’ అంటే ఊ అని తప్పించుకుంటారు. ‘వేసుకుంటే ఎలా ఉంటోంది’ అంటే ఏదో ఒకటి చెప్పాలి. రోగికి ఎదురుగా కూర్చుని అడగాలనీ చెప్పేవాళ్లం.

ఆ బృందంలో చక్కగా మాట్లాడేది నూకరత్నం. ఆమె వీధిలోనే అప్పన్న అనే జాలరి క్షయ మందులు మధ్యలో మానేశాడు. ఆస్పత్రి నర్సు వచ్చి కేకలేస్తే తల ఊపి, మర్నాడు వేటకు వెళ్లిపోయాడు. దగ్గు తిరగబెట్టింది. ఇంట్లో పసిపిల్ల మనవరాలు. ఇంకా ఆలస్యమైతే మామూలు మందులు పనిచేయకపోవచ్చు. అయినా నూకరత్నం అటు వెళ్లలేదు. ఎందుకని అడిగాను.

“మా ఆయనకి అన్నండి. బావగారి ఎదట కూకుని మాటాడితే ఊరు నవ్వుతాది.”

ఇంట్లో మామూలుగా ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు, నేను పక్కన ఊరికే ఉంటానన్నాను.

అప్పన్న అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నూకరత్నం గుమ్మం లోపల, అతనికి వీపు పెట్టి, అతని భార్య, తన తోడికోడలు పైడమ్మతో కలిసి చేపలు తోమడానికి కూర్చుంది. కాసేపు చేపల ధరల గురించే చెప్పుకున్నారు. తర్వాత నూకరత్నం గొంతు కొంచెం పెంచింది.

“అక్కా, ఆ మాత్రలేసుకుంటే ఒంట్లో ఏటవుతున్నాదో బావగార్ని అడుగు.”

పైడమ్మ అడగకముందే అప్పన్న వల మీంచి తలెత్తకుండా ఆమెతో అన్నాడు.

“ఆ పిల్లకి సెప్పు. ఒంటేలు ఎర్రగా వస్తన్నాది. పడవలో అందరూ సూసేరు. నెత్తురు పోతన్నాది, ఈడు నడి సముద్రంలో సచ్చిపోతాడు, ఎక్కించుకోం అన్నారు.”

“పడవలో అందరికీ తెలుసు, పెళ్లానికే తెల్దు,” అంది పైడమ్మ.

క్షయ మందుల్లో ఒకదానికి మూత్రం రంగు మారడం మామూలే. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నూకరత్నం వెంటనే బోధ మొదలుపెట్టలేదు. ఇంకేం ఇబ్బందో కూడా అడిగించింది. పరగడుపున మింగితే వాంతి వస్తోందట. అప్పుడు చెప్పింది.

“అది నెత్తురు కాదక్కా, మాత్ర రంగు. మందులు పూర్తయితే పోతాది. వాంతి సంగతి డాక్టరుగారికి సెబ్దాం. పడవలోనోళ్లకి మా ఆయన సేత సెప్పిస్తాను.”

అతని చేతిలో వలకి ఇంకో రెండు ముడులు పడ్డాయి. “రేపు ఆస్పత్రికి ఎప్పుడు రావాలో అడుగు,” అన్నాడు అప్పన్న, పెళ్లాంతోనే.

కఫం మళ్లీ పరీక్షించి డాక్టరు మందులు మొదలుపెట్టారు. మనవరాలినీ పరీక్ష చేయించారు. అప్పన్న ఈసారి చివరిదాకా మింగాడు, పడవా ఎక్కాడు.

నూకరత్నం ఎదురుగా కూర్చుని అడిగి ఉంటే ఆ మాట అతని నోట వచ్చేది కాదు. తర్వాత బృందాలకు పాఠం చెప్పేముందు నేనే ఒక ప్రశ్న వేసేవాణ్ణి: మీ ఊళ్లో మీరు నేరుగా మాట్లాడలేనిది ఎవరితో? ముందు నవ్వేవారు. తర్వాత ఒక్కొక్కరే, ఆ మనిషికి మాట ఎవరి ద్వారా చేరుతుందో నాకు నేర్పేవారు.