చెప్పులతో లైట్‌హౌస్ ఎక్కనివ్వరు

మిషిగన్ సరస్సు ఒడ్డున, మస్కీగన్ రేవు చుట్టుపక్కల ఉన్న లైట్‌హౌస్‌లలో ఒక్కదాన్నైనా పైదాకా ఎక్కి తీరాలని వేసవి మొదట్లోనే అనుకున్నాను. ఇదే రాష్ట్రంలోని నోవై ఊరికి వచ్చాక నేను ఎక్కిన ఎత్తైనవన్నీ పార్కింగ్ గరాజ్‌లే. ఒక శనివారం రూమ్‌మేట్‌ని బయల్దేరదీశాను. తనది విజయవాడ, నాది హైదరాబాద్.

రేవు దగ్గర ఎర్ర లైట్‌హౌస్‌కి తాళం. తర్వాతిదానికీ తాళమే. ఫోన్‌లో వెతికితే, ఒడ్డు వెంట ఇంకా ఉత్తరానికి వెళ్తే ఒకదాంట్లోకి సాయంత్రం దాకా రానిస్తారని తెలిసింది. తీరా వెళ్తే, టికెట్లిచ్చే పెద్దావిడ మా కాళ్ళకేసి చూసింది. లోపలివి చిల్లుల ఇనుప మెట్లట, చెప్పులతో ఎక్కనివ్వరట, బూట్లు ఉండాలట.

కారు దగ్గరికి పరిగెత్తి డిక్కీ తెరిచాను. బూట్ల సంచి లేదు.

"పొద్దున నేనే పెట్టిన. ఏమైంది?"

"పులిహోర పక్కన బూట్లేంటే? తీసి కింద పెట్టా."

"కింద అంటే?"

"మన పార్కింగ్‌లో."

నేను అరిచిన అరుపుకి పక్క కారులోవాళ్ళు అద్దం ఎత్తుకున్నారు. దగ్గర్లో చెప్పుల షాపు ఉందా అని ఫోన్‌లో చూశాను. వెళ్ళొచ్చేసరికి ఇక్కడ మూసేస్తారు.

"ఇంకోసారి వద్దాంలే. కింద నిలబడు, మంచి ఫోటో తీస్తా," అంది రూమ్‌మేట్.

ఆ మాటతో నాకు ఇంకా పట్టుదల పెరిగింది. ఒడ్డున గొడుగు కింద ఒక జంట మిక్చర్ తింటూ తెలుగులో పోట్లాడుకుంటున్నారు. తెలియని ఆంటీలు కనిపిస్తే మామూలుగా నేను దారి మార్చుకుంటాను. ఆ రోజు ఎదురెళ్ళాను.

"ఆంటీ, మీ షూస్ ఒక్కసారి ఇస్తారా? లైట్‌హౌస్ ఎక్కి వచ్చేస్తా."

ఆంటీ నన్ను కిందికీ పైకీ చూసింది. "ఏ ఊరమ్మా మీది? జాబా, చదువా? పెళ్ళయిందా?"

అన్నిటికీ పళ్ళు బిగబట్టి జవాబు చెప్పాను.

"నేనూ చెప్పులే వేసుకొచ్చా. ఏమండీ, మీ బూట్లు విప్పండి."

"వేసుకునున్నా కదే."

"అందుకే విప్పమంటున్నా."

అంకుల్ బూట్లలో నా పాదాలు ఈదుతున్నాయి. రూమ్‌మేట్ ఇసుకలో కూర్చుని ముందు భాగంలో టిష్యూలు కుక్కి, లేసులు నా చీలమండల చుట్టూ తిప్పి కట్టింది. "పడ్డావంటే ఆస్పత్రి బిల్లు నువ్వే కట్టుకో," అంది. పెద్దావిడ ఆ బూట్లను కాసేపు చూసి, నవ్వు ఆపుకుంటూ టికెట్ ఇచ్చింది.

ఎక్కుతుంటే రెండు చేతులూ మెట్ల పక్క కమ్మీకే కావాల్సి వచ్చి ఫోన్ జేబులో పెట్టేశాను. ప్రతి మెట్టుకీ బూటు ముక్కు తగులుతోంది. సగంలో ఆగి, ఊపిరి పీల్చుకుని, మోకాళ్ళు ఇంకా పైకెత్తి ఎక్కాను.

పైన గాలి మొహాన కొట్టింది. అవతలి ఒడ్డు కనబడని నీళ్ళు. కింద అంకుల్ కాలే ఇసుకలో ఒంటికాలి మీద గెంతుతూ నీళ్ళవైపు పోతున్నాడు. దిగిపోవాలేమో అనిపించింది. పైనంతా ఒక చుట్టు పూర్తిగా తిరిగాకే దిగాను.