సందులో వెలుతురు

రాయచూరులో మా వీధి చివరి అచ్చాఫీసులో ఊడ్చే పనికి కుదిరేనాటికి నాకు నలభై దాటాయి. ఒక్క అక్షరమూ రాదు. అచ్చు అయ్యాక విడదీసిన సీసం అక్షరాలను దేని గడిలో దాన్ని వేసే పని కూడా నాకే ఇచ్చారు. అక్కడ కంపోజింగ్ చేసే పెద్దాయన ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తడిమించి చెప్పాడు. అట్లా వచ్చింది చదువు. మొదటిసారి నా పేరు కాగితం మీద రాసి చూపిస్తే ఆయన పడీ పడీ నవ్వాడు.

"ఏంది చెల్లె, అద్దంల చూసి రాసినవా?"

సీసం మీద ఎట్లా ఉందో అట్లాగే, కుడి నుంచి ఎడమకు తిప్పి రాశాను మరి.

ఆయనకొక పట్టింపు ఉండేది. వరుస పేర్చాక కిటికీకి ఎత్తి చూసేవాడు. అక్షరానికీ వత్తుకూ నడుమ వెలుతురు కనిపిస్తే, వత్తును ఊడదీసి ఆకురాయితో అంచు అరగదీసి మళ్ళీ కూర్చేవాడు. పెళ్ళివాళ్ళు కార్డులకు తొందరపెట్టినా వినేవాడు కాదు. "మనిషి పేరును రెండు ముక్కలు చేస్తమా?" అనేవాడు.

ఈ మధ్యనే ఆయన పోయాడు. అచ్చాఫీసు ఎప్పుడో మూతబడింది. దినాల కార్డు వేయించడానికి ఆయన బిడ్డ నన్ను వెంటబెట్టుకొని కంప్యూటర్ షాపుకు పోయింది. ప్రూఫులో ఆయన పేరులోని వత్తు తన అక్షరాన్ని వదిలి దూరంగా జరిగి ఉంది.

"వత్తు ఎడంగ ఉంది బిడ్డా, దగ్గరికి జరుపు," అన్నాను కంప్యూటర్ ముందున్న అమ్మాయితో.

ఆ అమ్మాయి తల ఎత్తలేదు. "ఈ ఫాంట్ల గట్లనే వస్తది ఆంటీ. ఎవ్వరు చూడరు."

ఆయన బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "పోనీ అత్తమ్మా, ఇయ్యాలనే పంచాలె."

ఊరుకుంటే ఆయన పేరు విరిగిపోయి ఇంటింటికీ వెళ్తుంది. కుర్చీ లాక్కొని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. "నాకు అక్షరాలు చెప్పినాయన పేరు ఇది. నువ్వు జరుపు, నేను చెప్త."

ఆ అమ్మాయి నా ముఖం చూసింది. మీట నొక్కింది. వత్తు వెంట్రుకవాసి జరిగింది.

"ఇంగ. ఇంగ కొంచెం. ఆగు, ఎక్కువైంది, ఒక్కటి ఎనక్కి."

"మా స్కూల్ల టీచర్ కూడ ఇంత సతాయించలే," అంటూనే నొక్కింది.

"ఆ. చాలు."

కొత్త ప్రూఫు వెచ్చగా చేతికి వచ్చింది. అలవాటుకొద్దీ కిటికీకి ఎత్తి పట్టాను. పల్చని కాగితం, వెలుతురంతా ఇవతలికి వచ్చింది. ఆయన పేరు మాత్రం నల్లగా, ఒక్క ముక్కగా నిలిచింది.