కమలక్క పెట్టె మా ఇంట్లో

నిన్న అటక మీద నుంచి నా ట్రాలీ పెట్టె దింపి తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసనకి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. మా ఎదురింటి కమలక్క ఏ దేశం వెళ్లినా ఆవిడ పెట్టె ఈ వాసనతోనే ముందు మా ఇంటికొచ్చేది.

కమలక్క నేను పనిచేసే బడిలోనే హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. భర్త పోయారు, పిల్లలు లేరు. ఏటా వేసవిలో ఒక దేశం చూసి రావాల్సిందే. శకునాల పట్టింపు మాత్రం గట్టిది. మా శ్రీకాకుళానికి, విమానం ఎక్కాల్సిన విశాఖ దక్షిణం. గురువారం దక్షిణానికి వారశూల, ఆ రోజు ఆ దిక్కుకి బయల్దేరకూడదు. తీరా అనువైన విమానం గురువారమే దొరికేది. అప్పుడు బుధవారం మంచి గడియ చూసి, పెట్టెను దక్షిణం వైపున్న మా ఇంట్లో పెట్టించేది. దాన్నే ప్రస్థానం అంటారు. పెట్టె గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. మర్నాడు మా గుమ్మంలోంచే కారెక్కేది. అందాకా ఆ పెట్టె మా సోఫా పక్కన చుట్టంలా కూర్చునేది. ఊడ్చేటప్పుడు నేను దాన్ని కాలితో నెట్టేదాన్ని.

విమానాలు వెతకడం కూడా మా ఇంట్లోనే, నా ఫోన్లోనే. నేను చవకది చూపించగానే కళ్లజోడు సవరించుకుని, "ఆగవే, ఎగబడిపోకు. మద్దెలో ఏ ఊర్లో దింపుతాడు, ఎంతసేపు కూకోబెడతాడు, అక్కడికి ఏ యేళకి దిగుతాం, అది సూడు ముందు" అనేది. వీసా గురించి ఎవరో వీడియోలో చెప్పింది వినిపిస్తే నమ్మేది కాదు. "ఆడెవడో సెప్పింది కాదు, ఆ దేశపోళ్లు ఏటి రాసినారో అది సదువు" అనేది. అలా శ్రీలంక, టర్కీ, వియత్నాం అన్నీ నేనే వెతికిపెట్టాను. ఏ విమానంలో కాళ్లు చాపుకోవచ్చో, ఏ దేశంలో ఎప్పుడు వానలో నాకు కంఠతా వచ్చు. నేను మాత్రం పూరీ దాటి ఎరగను. ఆవిడ తెచ్చిన బొమ్మలు మా ఫ్రిజ్ తలుపు నిండా అతికించి ఉండేవి. మంచినీళ్ల కోసం వెళ్లినప్పుడల్లా కళ్లలో నిప్పులు పోసుకునేదాన్ని.

ఒక ఏడు బాలీకి రెండు టికెట్లు చూడమంది. రెండోది నాకే అనుకున్నాను. ఏ చీరలు పెట్టుకోవాలో కూడా మనసులో సర్దేసుకున్నాను. తీరా పేరు అడిగితే వాళ్ల ఆడపడుచుది. బస్సెక్కితేనే వాంతులు చేసుకునే మనిషి. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకోవడమంటే ఇదే అని పళ్లు నూరుకున్నాను. ఆసారి మా ఇంటికి రెండు పెట్టెలొచ్చాయి. ఇక నోరు ఆగలేదు.

"ఇన్నేళ్లు వెతికిపెట్టాను కదా, నేను కనబడలేదా అక్కా?"

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నీకు పాస్‌పోర్టు ఉన్నాదేటి?"

లేదని ఆవిడకీ తెలుసు.

"కుళ్లుకోడానికైనా పాస్‌పోర్టుండాలే. మా ఆడపడుసు అది తీయించుకొచ్చి, నన్నూ తీసుకెల్లు అని అడిగింది. నువ్వు ఎప్పుడైనా నోరిప్పి అడిగేవేటి?"

ఆ వారమే దరఖాస్తు పెట్టాను. ఆవిడ మీద కోపంతో తప్ప మరో ఉద్దేశంతో కాదు.

నా పాస్‌పోర్టు వచ్చేసరికి ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. థాయ్‌లాండ్‌కి నేనొక్కదాన్నే, భువనేశ్వర్ నుంచి, మంగళవారం. భువనేశ్వర్ మాకు ఉత్తరం, ఆ రోజు ఉత్తరానికి శూల. వాళ్లిల్లు మాకు సరిగ్గా ఉత్తరం. సోమవారం నా పెట్టె దొర్లించుకుంటూ వెళ్లి ఆవిడ కుర్చీ పక్కన నిలబెట్టాను. ఆవిడ దాని పిడి మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

"నాకు కుళ్లుగా ఉన్నాదే" అంది.

"ఉండనీ అక్కా" అన్నాను. అంత సంతోషం నాకు ఆ దేశంలో కూడా దొరకలేదు.

ఇప్పుడు మళ్లీ పెట్టె సర్దుతున్నాను. టికెట్ చూసినప్పుడల్లా మధ్యలో ఎక్కడ దింపుతాడని ఆవిడ గొంతుతోనే నన్ను నేను అడుగుతాను. కావలసింది నోరు తెరిచి అడగడమూ ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. ఎదురింటికి మాత్రం తాళం వేసి ఉంది. మొన్న శివరాత్రికి ముందు కమలక్క నిద్రలోనే పోయింది. ఆ ఒక్కటే నాకు మింగుడు పడదు. ఈసారి కూడా ఆవిడే ముందెళ్లింది. దారి వెతకమని నన్ను అడగలేదు. మా ఇంట్లో పెట్టె కూడా పెట్టలేదు.