మూఢంలో తిరిగిన మిషను

నందిగామలో నాది చిన్న ఆఫీసు. పన్నుల రిటర్నులు వేయడం, నోటీసులకు జవాబులు రాయడం నా పని. నా చదువు కంటే నా నోరు పెద్దదని వచ్చేవాళ్ళు అనుకుంటారు. వాళ్ళు అనుకునేది నిజమే. కాగితం సరిగా తేనివాళ్ళను నేను ఊరికే వదలను. అలాంటి నేనే ఒక ఫొటో సరిగా చూడకుండా పంపి ఒక మిల్లు యజమానురాలిని చిక్కుల్లో పడేశాను.

ఆవిడకు జగ్గయ్యపేటలో సున్నం మిల్లులు రెండున్నాయి. కాల్చిన సున్నాన్ని అక్కడ పొడిచేసి సంచులకు నింపుతారు. భర్త పోయాక ఆవిడే నడుపుతోంది. వరసకు ఏమీ కాకపోయినా నేను పిన్నిగారనే పిలుస్తాను. మిల్లు తిరిగితే చాలు, నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి కూడా కనిపించేవాడు కాదు. అందుకని ఇంటి వెనకే ఉన్న మొదటి మిల్లుకి దుమ్ము పట్టే మిషను బిగించింది. పెద్ద ఇనప పెట్టె, లోపల పొడుగాటి గుడ్డ సంచులు. గాలి వాటిలోంచి బయటకు పోతుంది, పొడి మాత్రం అక్కడే ఆగి కింద తొట్టిలో పడుతుంది.

కాలుష్యాన్ని ఆపే ఇలాంటి యంత్రాలకు పన్నులో ఒక వెసులుబాటు ఉంది. మామూలు యంత్రాల కంటే వీటి ధరలో ఎక్కువ భాగాన్ని ముందే తరుగు కింద చూపించుకోవచ్చు, ఆ మేరకు పన్ను తగ్గుతుంది. కాకపోతే ఒక షరతు. మార్చి నెలాఖరులోపు మిషను కొంటే చాలదు, బిగించినా చాలదు. అది పనిచేసి ఉండాలి.

మార్చి ఆఖర్లో నేను ఫోన్లో అడిగితే, "బ్రహ్మాండంగా తిరుగుతుందమ్మాయ్" అంది పిన్నిగారు. ఆ మాట మీద రిటర్ను వేశాను. తరవాత పన్నువాళ్ళు మిషనుకు ఆధారం అడిగితే, ఆవిడ పంపిన ఫొటోను జవాబుకు జతచేశాను. కొన్నాళ్ళకు ఇంకో నోటీసు వచ్చింది. మీ ఫొటోలో యంత్రానికి కట్టిన ఫ్లెక్సీ మీద ప్రారంభోత్సవం ఏప్రిల్లో అని ఉంది, మార్చిలో వాడారనడానికి ఆధారం చూపండి అని.

ఫొటో తెరిచి చూశాను. మిషనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పైన ఫ్లెక్సీలో గుండ్రాల్లో చుట్టాల మొహాలు, కింద అరచేయంత అక్షరాలతో తేదీ. కళ్ళుండీ చూడలేదు. జగ్గయ్యపేట బస్సెక్కి దారి పొడుగునా సగం ఆవిడ్ని, సగం నన్ను తిట్టుకున్నాను.

"ఏప్రిల్ దాకా ఎందుకాగారు పిన్నిగారూ?"

"మార్చిలో మూఢం కదమ్మాయ్. మూఢంలో కొత్త పని మొదలుపెడతామా?"

"మరి తిరుగుతుందని నాతో ఎందుకన్నారు?"

"తిరిగింది కాబట్టి అన్నా."

నాకు తల తిరిగింది. మిల్లు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి నవ్వు ఆపుకుంటున్నాడు. అసలు సంగతి అతనే చెప్పాడు.

"మాకు మూఢాలూ గట్రా లేవు కదండీ. ఇంత మిషను బిగించి ఊరికే నిలబెడతారా అని అడిగా. అమ్మగారు అవునన్లేదు, కాదన్లేదు. రేపు వేదాద్రి గుడికి పోతున్నా, సాయంత్రం దాకా రాను అన్నారు. నాకు అర్థమైంది. పొద్దున్నే మా పాస్టరు గార్ని పిలిచి ప్రార్థన చేయించి స్విచ్ వేశా. ఇంక ఆపలేదండి."

"ఊళ్ళో లేనప్పుడు జరిగినదానికి నాదేం పూచీ?" అంది పిన్నిగారు చాలా అమాయకంగా.

ఏప్రిల్లో పంతులు గారు వచ్చే ముందు పది నిమిషాలు మిషను ఆపి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ మొదలుపెట్టారట. ఇన్నేళ్ళ నా సర్వీసులో ఒకే మిషను రెండుసార్లు పుట్టడం ఎప్పుడూ చూడలేదు. కోపం పోయి నవ్వొచ్చింది.

ఆధారం కూడా మేస్త్రి దగ్గరే దొరికింది. ప్రార్థన ఫొటో చర్చి వాట్సాప్ గ్రూపులో ఉంది. ఈస్టరుకు ముందు చర్చికి వెల్ల వేయడానికి, తొట్టిలో పడ్డ సున్నాన్నే బస్తాల్లో పంపారు. కొత్త మిషను పట్టిన సున్నం అందింది, వందనాలు అని పాస్టరు గారు పెట్టిన మెసేజీ కూడా ఉంది. రెండూ మార్చివే. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయినా ఒకటి మిగిలింది. ‘నాకు తెలిసే, నా ఇష్టంతోనే మార్చిలో నడిపారు’ అని యజమాని రాసి సంతకం పెట్టాలి. పిన్నిగారు వెనకడుగు వేసింది. ఇంట్లో అత్తగారున్నారు. పంచాంగం చూడందే గడప దాటనివ్వని మనిషి. ఆవిడకు తెలిస్తే తను ఇంట్లో తలెత్తుకోలేనంది.

"ఇది కొట్టేశారంటే పన్ను, వడ్డీ, పైన జరిమానా కూడా పడొచ్చు. రెండో మిల్లు మిషనుకని దాచింది దానికే పోద్ది. మీ ఇష్టం పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ లేచి రోడ్డు అవతలున్న రెండో మిల్లులోకి వెళ్ళింది. లోపల ఆడవాళ్ళు ముక్కుకు కొంగు కట్టుకుని సంచులు నింపుతున్నారు. కాసేపటికి ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చింది. పొడి పడి ఎర్రబడ్డాయో, ఇంకెందుకో నేను అడగలేదు. "ఎక్కడ పెట్టాలి?" అని పెన్ను తీసుకుంది.

విచారణ కంప్యూటర్లోనే జరిగింది. అధికారి ఎక్కడివాడో తెలియదు, తెలుగు రాదు. మూఢం అంటే ఏమిటని అడిగాడు. చెప్పాను. అంత పట్టింపున్న మనిషి ముందే ఎందుకు నడపనిచ్చారన్నాడు. పిన్నిగారు నా భుజం మీదుగా వంగి చెప్పింది.

"పూజకు మంచిరోజు చూసుకోవాలి గానీ, దుమ్ము ఆపటానికి ఎందుకండీ?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. సరేనన్నాడు. కొన్ని వారాలకు మా లెక్కను ఒప్పుకుంటూ ఆర్డరు వచ్చింది.

ఆ సాయంత్రం పిన్నిగారు ధైర్యం చేసి అత్తగారికి అంతా చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను, చీవాట్లు పడితే పంచుకుందామని. పెద్దావిడ తాపీగా విని, "నాకు అప్పుడే తెలుసు. ఆ నెల డాబా మీద వడియాలు పెడితే ఒక్కదాని మీద పొడి పడలా. మిషను తిరక్కపోతే ఎట్టా?" అంది.

రెండో మిషను ఆ తరవాతి వేసవిలోనే బిగించారు. నెల తరవాత ఏవో కాగితాల కోసం వెళ్ళాను. రెండో మిల్లులో సంచులు నింపే ఆడవాళ్ళలో ఒకామె తల్లో కనకాంబరాలున్నాయి. బాగున్నాయన్నాను. ఆమె సిగ్గుపడి దండ తడుముకుంది.

"పదకొండేళ్ళ నుంచి ఇక్కడే చేస్తున్నానండి. పనికి పూలు పెట్టుకు రావటం ఇదే మొదలు. సాయంత్రం దాకా రంగు ఉంటంది."